పురుగుమందు డబ్బా మీద రంగు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

మిరప, పత్తి రైతులతో రోజూ తిరిగే వ్యవసాయ విస్తరణ ఉద్యోగం నాది. మందుల గురించి ఊళ్లలో చెప్పుకునే మాటలు కొన్ని ప్రాణాల మీదికి తెస్తున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఎర్ర గుర్తు మందుకు పవర్ ఎక్కువ. పచ్చ గుర్తుది పని చేయదు.

వాస్తవం: ఆ రంగు పురుగు కోసం వేసింది కాదు, మన కోసం వేసింది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు సగం ఎలుకలు చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పట్టిందో చూసి రంగు నిర్ణయిస్తారు. 50 లోపు ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం మీద పడితే ఎంత ప్రమాదమో దానికి వేరే లెక్క ఉంది. ఎరుపు మీద పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. ఇందులో పురుగు ఊసే లేదు. వరిలో కాండం తొలిచే పురుగుకు బాగా పనిచేసే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం మందు డబ్బా మీద ఉండేది ఆకుపచ్చే.

అపోహ: ఎరుపు కాదుగా, టెన్షన్ అక్కర్లేదు.

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతే ఎంత ప్రమాదమో మాత్రమే రంగు చెబుతుంది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలితే ఏమవుతుందో చెప్పదు, విరుగుడు ఉందో లేదో కూడా చెప్పదు. గడ్డిమందు పారాక్వాట్‌నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో అది రెండో తరగతి, అంటే ఓ మోస్తరు ప్రమాదకరం. కానీ అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, విరుగుడు లేదు. మిగిలిన గడ్డిమందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇంట్లో పెట్టడం దయచేసి మానండి. ఏ మందైనా దాని డబ్బాలోనే, తాళం వేసిన చోటే ఉండాలి.

అపోహ: ఏ మందు తగిలినా ఆస్పత్రిలో వైద్యం ఒకటే.

వాస్తవం: ఇక్కడ రంగు కంటే రసాయన కుటుంబం ముఖ్యం. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఆర్గానోఫాస్ఫేట్లు. కార్బోఫ్యూరాన్ కార్బమేట్. ఈ రెండు కుటుంబాలూ నరాల్లో ఒకే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో చెమటలు, చొంగ, వాంతులు, కంటిపాపలు చిన్నవవడం, ఊపిరాడకపోవడం. రెంటికీ అట్రోపిన్ వాడతారు, ఆర్గానోఫాస్ఫేట్ అయితే ప్రాలిడాక్సిమ్ కూడా ఇస్తుంటారు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్లు చర్మం మీద పడితే మంట, చీమలు పాకినట్టు జివజివ. వీటికి ప్రత్యేక విరుగుడు లేదు, లక్షణాలను బట్టే చికిత్స. ప్రొఫెనోఫాస్ 40, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపిన మందులో ఆర్గానోఫాస్ఫేటూ, పైరిత్రాయిడూ రెండూ ఉన్నాయి! "ఏదో పత్తి మందు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. డబ్బా, దాంతో వచ్చిన కాగితం పట్టుకెళ్లండి.

అపోహ: కంపెనీ మారిస్తే మందు మారినట్టే.

వాస్తవం: కంపెనీ, పేరు మారినా రసాయన కుటుంబం మారకపోవచ్చు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ నియోనికోటినాయిడ్లు అనే ఒకే కుటుంబానివి. వీటినే మార్చి మార్చి కొడితే రసం పీల్చే పురుగు తట్టుకోవడం నేర్చుకుంటుంది.

అపోహ: మొక్కల నుంచి తీసిందైతే ఏమీ కాదు.

వాస్తవం: నికోటిన్ పొగాకు నుంచే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మోనోక్రోటోఫాస్ ఉన్న, బాగా ప్రమాదకరమైన తరగతిలోనే పెట్టింది.

అపోహ: నోట్లోకి పోతేనే ప్రమాదం.

వాస్తవం: 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లెవరూ మందు తాగలేదు. చర్మం, ఊపిరి ద్వారానే విషం ఎక్కింది. పంపులోకి పోసే ముందు మూతతో కొలుస్తామే, అప్పుడు చేతిలో ఉన్నది నీళ్లు కలపని చిక్కటి మందు. గ్లవ్స్ అన్నిటికంటే అవసరమైంది ఆ నిమిషంలోనే. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు మందుతో తడిస్తే విషాన్ని ముఖానికి పట్టి ఉంచుతుంది. బట్టలు తడిస్తే అక్కడే విప్పేసి ఒళ్లంతా సబ్బుతో కడగండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా పని ఆపి 108కి ఫోన్ చేయండి. బలవంతంగా వాంతి చేయించకండి.