పచ్చి బుడిపె నుంచి గిన్నెల వరుస: కోరింగ్‌పై అపోహలు - వాస్తవాలు

చెట్టు మానుకు కణితిలా ఉబ్బి పెరిగే బుడిపెను చెక్క పని చేసేవాళ్లం బర్ల్ అంటాం. దాన్ని లేత్‌కు, అంటే చెక్కను గిరగిరా తిప్పుతుంటే కత్తితో చెక్కే యంత్రానికి, బిగించి, నడుమ చెక్కంతా పొట్టు చేయకుండా వంపు కత్తితో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెను విడదీయడమే కోరింగ్. ఈ పని గురించి చాలా మాటలు ఆ నోటా ఈ నోటా తిరుగుతుంటాయి. వాటిని నమ్మితే కొన్నిసార్లు మంచి చెక్క పోతుంది, కొన్నిసార్లు మనిషికే దెబ్బ తగులుతుంది.

అపోహ: బుడిపెను ఏళ్ల తరబడి ఆరబెట్టాకే లేత్ ఎక్కించాలి.

అంగుళం మందానికి ఒక ఏడాది అనే లెక్క పలకలకు చెప్పుకునేది. అడుగు మందం ఉన్న ముద్దను అలాగే వదిలేస్తే అది చాలాసార్లు ఆరేలోపే పగిలిపోతుంది. ఎందుకో చూడండి. చెక్కలో తేమ సుమారు 30 శాతం కంటే దిగినప్పుడే అది కుంచించుకుపోవడం మొదలవుతుంది. పైపొర ముందుగా ఆ స్థితికి వచ్చి బిగుసుకుంటుంది. లోపలి చెక్క ఇంకా నీళ్లు పట్టి ఉబ్బే ఉంటుంది. లొంగని లోపలి ముద్ద మీద బిగుసుకున్న పైపొర ఇంకేం చేస్తుంది, బీటలిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే పలచని గోడల గిన్నెలుగా విడదీస్తే తేమ రెండు వైపుల నుంచీ బయటికి పోతుంది, ఆ లాగుడు తగ్గుతుంది. పైగా పచ్చి చెక్క మెత్తగా తెగుతుంది, దుమ్ము కూడా తక్కువ.

అపోహ: కోరింగ్ పిసినారి పని, ఒక్క పెద్ద గిన్నె తీస్తే చాలు.

40 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న అర్ధగోళం అనుకుందాం. గోడ 4 సెంటీమీటర్లు ఉంచి మామూలుగా తొలిస్తే చెక్కలో సగం పొట్టు కింద పోతుంది. అదే కోరింగ్ చేస్తే, కత్తి దారికి సెంటీమీటరు వదిలినా, లోపల 30, 22, 15 సెంటీమీటర్ల గిన్నెలు మరో మూడు వస్తాయి. అన్నేళ్లు పెరిగిన బుడిపెలో సగాన్ని చీపురుతో ఊడ్చి పారేయడం నాకు ప్రాణం ఒప్పదు.

అలాగని లెక్క పెంచుకోవాలన్న ఆశతో గోడలు పలచన చేయకండి. కత్తి గీసేది వృత్తంలో ఒక ముక్క. పెద్ద గిన్నె ఆకారం ఆ వంపుతో కలవకపోతే అడుగున చిల్లు పడుతుంది. న్యూజిలాండ్ నుంచి వచ్చిన మెక్‌నాటన్ తరహా కత్తులు రకరకాల వంపుల్లో ఉంటాయి, దారి చూసుకోవాల్సింది మన చేతులే. కెనడా కంపెనీ వన్‌వే చేసే పరికరంలో కత్తి ఒక ఇరుసు మీద తిరుగుతుంది, కాబట్టి దారి తప్పదు. ఏదైనా సరే, మొదటి గిన్నె బయటి వంపు చెక్కేటప్పుడే లోపలి గిన్నెలన్నిటినీ మనసులో గీసుకోవాలి.

అపోహ: ముందు పెద్ద గిన్నె తీసి, తర్వాత చిన్నవాటి దగ్గరికి వెళ్లాలి.

నేను తిరగేసి చేస్తాను, ముందు చిన్నదే. ముద్ద మొత్తం పెద్ద గిన్నె అడుగు పట్టు మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ప్రతి కోతకీ పట్టు మారదు, చుట్టూ మందం ఉంటుంది, వణుకు తక్కువ. పెద్దది ముందు విడదీస్తే ఊడి వచ్చిన ముద్దను ప్రతిసారీ మళ్లీ బిగించుకోవాలి.

ఆ పట్టు పడే చోట బెరడు చొచ్చుకుపోయి ఉందేమో స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. పొడిపొడిగా రాలితే ఆ వైపు వద్దు, ముద్దను తిప్పి వేరే వైపు ఎంచుకోండి. పెద్ద ముద్దకు దవడలతో పట్టుకునే చక్ కన్నా, పొడవాటి స్క్రూలతో బిగించిన లోహపు పళ్లెం, అంటే ఫేస్‌ప్లేట్ మీదే నాకు నమ్మకం.

అపోహ: స్పీడు పెంచితే కోత నునుపుగా వస్తుంది.

దీని మీద మాత్రం గట్టిగా చెబుతాను. అంగుళాల వెడల్పును నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య ఉండాలని లేత్ పనివాళ్లు వాడే లెక్క ఒకటుంది. 16 అంగుళాల ముద్దకు అది సుమారు 375 నుంచి 560 చుట్లు. అది కూడా ముద్ద గుండ్రంగా, తూకంగా అయ్యాకే. బుడిపెలో ఒక పక్క చేవ, ఒక పక్క బెరడు, ఎక్కడో బోలు, కాబట్టి తొలి తిప్పుడు లేత్‌లో ఉన్న అతి తక్కువ వేగంతోనే. 500 చుట్ల దగ్గర ఆ ముద్ద అంచు గంటకు దాదాపు 38 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అక్కడి నుంచి ఒక ముక్క ఊడితే ఫేస్‌షీల్డ్ ఒక్కటే మీకు అడ్డు. ముద్ద తిరిగే వరసలో నిలబడకండి.

కోరింగ్‌లో కత్తి ఇరుక్కోవడానికి వేగం కన్నా పెద్ద కారణం తడి పొట్టు. సన్నని గాడిలో అది ముద్దకట్టి కత్తిని రెండు వైపులా పట్టేస్తుంది. సరిగా తెగుతున్నంతసేపు సర్‌ర్‌మని ఒకే శబ్దం వస్తుంది, నీటి తుంపర మొహం మీద పడుతుంది. శబ్దం మందగించి తుంపర ఆగిందంటే గాడి నిండినట్టే. కత్తి వెనక్కి లాగి, లేత్ ఆపి, గాడి శుభ్రం చేసి మళ్లీ వెళ్లాలి. ఒక్క గిన్నెకు పదిసార్లు లాగాల్సి వచ్చినా విసుక్కోకండి.

అపోహ: చివర్లో ఓ దెబ్బ వేస్తే కోర్ (లోపలి గిన్నె ముద్ద) ఊడి వస్తుంది.

నార నిటారుగా ఉన్న చెక్కలో నిజమే, మధ్యలో మిగిలిన మొదలు నార వెంట టక్కున విరుగుతుంది. బుడిపెలో నార ఒక దారిన ఉండదు. మొదలు లావుగా ఉండగా విరిస్తే పెద్ద గిన్నె అడుగు నుంచి కండ లాక్కుని వస్తుంది. బొటనవేలి మందం మిగిలే వరకు కోసి, లేత్ ఆపి, గాడిలో చెక్క మేకు దూర్చి మెల్లగా ఒత్తండి.

అపోహ: పచ్చి చెక్క మీద వచ్చే నల్ల మచ్చలు బూజు.

అన్నీ కాదు. టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువున్న చెక్క తడిగా ఇనుముకు తగిలితే నీలి నలుపు మరక పడుతుంది. చేతికంటిన ఇనుప రజను చాలు. పని అయ్యాక లేత్ బెడ్ తుడిచి నూనె రాయండి, ఆ నీటికి ఇనుము కూడా తుప్పు పడుతుంది.

అపోహ: బతికున్న చెట్టు నుంచి బుడిపె కోస్తే చెట్టుకు మేలే.

బుడిపె తీసేస్తే మాను మీద పెద్ద పచ్చి గాయం మిగులుతుంది, కుళ్లు అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో బుడిపెల దొంగతనాలు ఎంత ముదిరాయంటే, 2014లో అక్కడి పార్కు రోడ్డును రాత్రిపూట మూసేశారు. పడిపోయిన చెట్టు, లేదా ఎలాగూ కొట్టక తప్పని చెట్టు, వీటి బుడిపెలే తీసుకోండి.

అపోహ: బుడిపె నార అల్లుకుని ఉంటుంది, కాబట్టి పగలదు.

నిలువునా చీలే పగులు తక్కువ, అంతవరకే నిజం. ఒకసారి మూడు కోర్లు తీసి, తేమ గబగబా పోకుండా పూసే మైనం తినొచ్చాక పూద్దామని ఫ్యాన్ కింద బల్ల మీద వదిలేశాను. తిరిగి వచ్చేసరికి చిన్న గిన్నె అంచు మీద, సరిగ్గా బెరడు చొచ్చుకుపోయిన చోట, వెంట్రుకంత సన్నని గీతలు నాలుగు. అప్పటి నుంచి మైనం డబ్బా మూత తీశాకే కోత మొదలుపెడతాను. మామూలు చెక్కలో నార కొసలు కనిపించే చోట పూస్తే సరిపోతుంది. బుడిపెలో కొసలు అన్ని వైపులా ఉంటాయి, అందుకే లోపలా బయటా మొత్తం పూయాలి.

ఆరేటప్పుడు గిన్నె వంకర పోతుంది, అది తప్పు కాదు. మామూలు చెక్క వలయాల వెంట కుంచించుకున్నంతలో సగమే కేంద్రం వైపు కుంచించుకుంటుంది, అందుకే గుండ్రని గిన్నె కోలగా మారుతుంది. బుడిపె గిన్నెకు అలాంటి ఒక దిక్కు లేదు, ఒళ్లంతా గుంటలూ మిట్టలూ పడతాయి. అవన్నీ రెండోసారి చెక్కి తీసేయడానికే గోడ మందం వెడల్పులో పదో వంతు ఉంచుతాం. ఆ గుంటలే అందం అనుకుంటే పచ్చిగా ఉన్నప్పుడే 5, 6 మిల్లీమీటర్లకు దింపి ఒకేసారి పూర్తి చేసేయొచ్చు, నాకైతే అదీ ఇష్టమే.

ఆరిందా లేదా అన్నది రోజులు లెక్కపెట్టి చెప్పలేం, తక్కెడనే అడగాలి. ప్రతి గిన్నె అడుగున పెన్సిల్‌తో తేదీ, బరువు రాసి, గాలి నేరుగా తగలని చోట కాగితపు సంచిలో పెడతాను. వారానికోసారి తూచి కింద ఇంకో అంకె వేస్తాను. మొదట్లో బరువు గబగబా పడిపోతుంది, తర్వాత మెల్లగా. వరుసగా మూడు వారాలు అదే అంకె వస్తే, ఆ గిన్నెను మళ్లీ లేత్ ఎక్కిస్తాను.