3,550 మెట్లకు బెణకని కాలు

మా పిన్నమ్మ అలిపిరి నుంచి 3,550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ కొండెక్కింది. మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మర్నాడు తిరుపతిలో, నీళ్ల బిందెతో ఇంటి ముందు మూడు మెట్లు దిగుతూ ఆఖరిదాన్ని చూసుకోలేదు. పాదం లోపలికి మడత పడింది. కాసేపటికే చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు.

"నరం పక్కకు జరిగిందిరా, నూనె రాసి తీస్తే పోతుంది" అంది.

నరమేదీ పక్కకు జరగలేదు. ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే లిగమెంటు సాగి, కొన్ని పోగులు తెగాయి. బెణుకంటే ఇదే.

ఎక్కేటప్పుడు కానిది దిగేటప్పుడు ఎందుకయింది? మోకాలి కింది ఎముకలు రెండూ చీలమండ దగ్గర ఒక గూడులా ఏర్పడతాయి. అందులో టాలస్ అనే పాదపు ఎముక ఇమిడి ఉంటుంది. అది ముందు వెడల్పు, వెనక సన్నం. మెట్టెక్కేటప్పుడు పాదం పైకి వంగి, వెడల్పు భాగం గూట్లో బిగుసుకుంటుంది. దిగేటప్పుడు వేళ్లు నేలచూపు చూస్తాయి. సన్న భాగం గూట్లోకొచ్చి కీలు కాస్త వదులవుతుంది. సరిగ్గా అప్పుడే పాదం బయటి అంచు మీద ఒళ్లు బరువు పడితే, ముందుగా దెబ్బతినేది బయటివైపు ముందున్న చిన్న లిగమెంటు. లోపలివైపుది వెడల్పు, గట్టిది, అంత తేలిగ్గా తెగదు. పాదాన్ని సరిచేసే కండరాలు పిక్క పక్కనే ఉన్నా, వాటికి కబురందేలోపే పని అయిపోతుంది. ముందురోజు కొండెక్కి అలిసినవైతే ఇక చెప్పక్కర్లేదు.

పక్కింటామె పుత్తూరు కట్టు కట్టించమంది. ఇంకొకరు ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తొక్కించమన్నారు (అది నడుం పట్టుకు కదా అంటే, దేనికైనా పనిచేస్తుందట!). మొదటి రెండు రోజులు రుద్దినా, కాపడం పెట్టినా వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాలు, క్రేప్ బ్యాండేజీ, కాలి కింద దిండు. అంతే.

ఎముక విరిగిందేమోనని అందరికీ టెన్షన్. కెనడాలోని ఒటావా వైద్యులు 1992లో దీనికో సులువు చెప్పారు: నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ గుబ్బల వెనక అంచున ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయించాలి. పిన్నమ్మ కుంటుతూనే వంటింటి దాకా నడిచింది, నొక్కితే నొప్పి ఎముక మీద కాదు, ముందున్న మెత్తటి చోట.

ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. పాదం ఏ వంపులో ఉందో చెప్పే నాడుల కొసలు లిగమెంటులోనే ఉంటాయి. దానితోపాటు అవీ దెబ్బతింటాయి. ఒంటికాలి మీద నిలబడే అభ్యాసంతో ఆ పట్టు తిరిగొస్తుంది. నొప్పి తగ్గినప్పటి నుంచి పిన్నమ్మ పళ్లు తోముకునేంతసేపూ కొంగలా నిలబడుతోంది, ఒక చెయ్యి గోడకు ఆనించి.