దినపత్రిక గళ్ళ నుడికట్టు: సాయం తీసుకోవడం గురించి అపోహలు – వాస్తవాలు

దినపత్రికకు గళ్ళ నుడికట్టు, అంటే క్రాస్‌వర్డ్, కూర్చడం నా పని. పాఠకులు కలిసినప్పుడు కష్టమైన ఆధారాల గురించి, అంటే మాట పట్టుకోవడానికి మేమిచ్చే సూచనల గురించి, అడుగుతారనుకుంటాను. కానీ ఎక్కువమంది అడిగేది వేరు: “నిఘంటువు చూడవచ్చా? మా అమ్మాయిని అడిగితే తప్పా?” అడగడానికి మొహమాటపడి, నాలుగు మాటలు దొరక్కపోగానే పేపరు మడిచేసి, మళ్ళీ ఆ పేజీ జోలికే వెళ్ళనివారూ ఉన్నారు. వాళ్ళను తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నిఘంటువు తెరిస్తే మోసం చేసినట్టే.

వాస్తవం: ఎవరిని మోసం చేసినట్టు? 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ తొలి క్రాస్‌వర్డ్ పజిల్ అచ్చువేశాడు. 1920ల్లో అమెరికాలో ఆ మోజు ముదిరింది. పజిల్ ప్రియులు నిఘంటువుల చుట్టూ మూగి, చదువుకోవడానికి వచ్చినవారికి చోటు లేకుండా చేస్తున్నారని న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ మొరపెట్టుకుంది. అంటే నిఘంటువు ఈ ఆటకు మొదటినుంచీ తోడే. గళ్ళు కూర్చేటప్పుడు నా బల్లమీద శబ్దరత్నాకరమూ బ్రౌన్ నిఘంటువూ ఉంటాయి. కూర్చేవారికి ఉన్న వెసులుబాటు పూరించేవారికి ఎందుకు ఉండకూడదు? ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో పాత కొత్త నిఘంటువులు ఎన్నో ఒకేచోట వెతకవచ్చు. ముందు ఒక మాట ఊహించి, అది సరైనదో కాదో చూసుకోవడానికి నిఘంటువు తెరవండి. అలా చూసిన మాట గుర్తుండిపోతుంది.

బహుమతి పోటీ అయితే దాని నియమాలు చదవండి. రోజువారీ గళ్ళకు అటువంటి కట్టుబాటు ఏదీ లేదు.

అపోహ: సంస్కృతం, కావ్యాలు చదువుకున్నవారికే ఇది సాధ్యం.

వాస్తవం: శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఇష్టంగా కూర్చిన ఆట కాబట్టి ఆ పేరు పడిందేమో. రోజువారీ గళ్ళలో తిరిగి తిరిగి వచ్చేవి చిన్న మాటలు. రెండు, మూడు గళ్ళు నింపడానికి మాకు దొరికే మాటలు పరిమితం. అందుకే కరి, గిరి, తరి, అహి, అబ్ధి వంటివి పదేపదే కనిపిస్తాయి. ‘హరి’ అన్న ఒక్క మాట చూడండి. విష్ణువు, ఇంద్రుడు, యముడు, సూర్యుడు, చంద్రుడు, గాలి, సింహం, గుర్రం, కోతి, పాము, చిలుక, కప్ప: ఇవన్నీ పాత సంస్కృత నిఘంటువు అమరకోశం దానికి ఇచ్చిన అర్థాలే. “కప్ప (2)” అని ఆధారం (బ్రాకెట్లో ఉన్నది అక్షరాల లెక్క) చూసి మొదటిసారి తల పట్టుకున్నవారు రెండోసారి నవ్వుకుంటూ నింపేస్తారు. ఇటువంటి మాటలకు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. సినిమా పేర్లు, ఊళ్ళ పేర్లు, వంటింటి మాటలు కూడా అంతే తరచుగా వస్తాయి. అక్కడ పండితుడికంటే మీ ఇంట్లో పిల్లలే ముందుంటారు.

అపోహ: ఆధారం అంటే అర్థం చెప్పే వాక్యం. అర్థం తట్టకపోతే ఇక దారి లేదు.

వాస్తవం: చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఆధారాన్ని వాక్యంగా చదవకండి, ముక్కలుగా విడదీయండి. ఒక కొసన అర్థం ఉంటుంది, మిగతాది మాటను తయారుచేసే పద్ధతి చెబుతుంది.

“నిద్రలో వచ్చినదానికి దేవుడిచ్చినది కలిస్తే మనసుకు శాంతి ఉండదు (4)”. నిద్రలో వచ్చేది కల, దేవుడిచ్చేది వరం. రెండూ కలిపితే కలవరం. “మెగాస్టార్ వెనక్కి తిరిగితే నాలుకకే తెలుస్తుంది (2)”. అభిమానుల ‘చిరు’ను తిప్పి రాస్తే రుచి. “రాజమహేంద్రవరం పక్కనే ఆవు నడిచే బాట (3)”. గో, దారి: గోదారి. “విశాఖపట్నంలో కొమ్మ (2)” అన్నప్పుడు ఊరంతా వెతకనక్కరలేదు, ‘శాఖ’ ఆ పేరులోనే ఉంది. “సాగరం తల తెగితే వేడెక్కుతుంది (2)”, గరం.

తిరగబడిన, వెనుదిరిగిన అంటే అటునుంచి ఇటు. తడబడిన, చెదిరిన, కలగాపులగమైన అంటే అక్షరాల వరస మారింది. తలలేని, తోకలేని అంటే మొదటిదో చివరిదో పోయింది. ఈ సంకేతాలు వచ్చినవారికి అర్థం తట్టకపోయినా పద్ధతి దారి చూపిస్తుంది.

తెలుగు గళ్ళలో ఇంకో మెలిక ఉంది. కొత్తవారు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. “తడబడిన నవల కారణంగా (3)” అంటే కలపవలసిన మాట ఆధారంలోనే ఉంది, నవల. జవాబుకు వేరే అర్థం కూడా ఇచ్చాం, కారణంగా. కాబట్టి గళ్ళలో పడేది సరైన మాటే, వలన. అదే “తామరపువ్వు తడబడింది (3)” అంటే ముందు అర్థాన్నిబట్టి ‘కమలం’ మీరు పట్టుకోవాలి, తర్వాత దాని అక్షరాలను చెదరగొట్టి గళ్ళలో రాయాలి. క, మ, లం ఏ వరసలో పడతాయో ఆధారం చెప్పదు, నిలువు మాటలే చెబుతాయి. మొదటి గడిలో ‘లం’ స్థిరపడితే మిగిలేవి రెండే అవకాశాలు. జవాబు తెలిసింది కదా అని ‘కమలం’ తిన్నగా రాసేస్తే, దాన్ని దాటివెళ్ళే నిలువు మాటలు పాడవుతాయి. ఆ తప్పు సరిదిద్దుకోవడానికి సాయం అడగవలసింది కమలం గురించి కాదు, దాన్ని దాటే నిలువు మాటల గురించి.

అపోహ: సాయం అంటే జవాబు చెప్పడం.

వాస్తవం: జవాబు చెప్పేస్తే ఆ గడి నిండుతుంది, ఆట ఆగిపోతుంది. మా ఎదురింట్లో ఒక పెద్దాయన మనవరాలికి సాయం చేసే తీరు నాకు ఎంతో నచ్చుతుంది.

“తాతయ్యా, నాలుగక్షరాలు, మూడోది ‘వ’. శాంతి ఉండదట.”

“నిద్రలో ఏం వస్తుందమ్మా?”

“గురక.”

“అది మూడక్షరాలు. ‘వ’ ముందు రెండే గళ్ళున్నాయి కదా. ఇంకేం వస్తుంది?”

ఒక్క క్షణం ఆగి ఆ పిల్ల పెన్ను అందుకుంది. ఆయన జవాబు చెప్పలేదు, ఏ ముక్కమీద చూపు నిలపాలో చెప్పాడు. అడిగేవారు కూడా ఇలాగే అడగాలి: ఆధారం మొత్తం చదవండి, ఎన్ని అక్షరాలో చెప్పండి, దాటే మాటలవల్ల ఏ గడిలో ఏ అక్షరం పడిందో, అది ఖాయమో అనుమానమో చెప్పండి. “ఇందులో అర్థం ఏ ముక్క, పద్ధతి ఏ ముక్క?” అన్నది సాయానికి మొదటి ప్రశ్న. అది తేలినా పని జరగకపోతే మొదటి అక్షరం అడగండి. పూర్తి జవాబు చివరి మెట్టు.

అపోహ: ఫోనులో అడిగితే క్షణంలో జవాబు వచ్చేస్తుంది.

వాస్తవం: పర్యాయపదాలు తెలుసుకోవడానికి ఫోను బాగా పనికొస్తుంది. అక్షరాల లెక్క దగ్గర మాత్రం దాన్ని నమ్మవద్దు. మనకు ‘స్త్రీ’ ఒకే గడి. కంప్యూటరు లోపల అది ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. సున్నా కూడా మన గళ్ళలో ముందు అక్షరంతోనే ఉంటుంది, యంత్రానికి అది విడి సంకేతం. నాలుగక్షరాల మాట అడిగితే ధీమాగా మూడో అయిదో ఇవ్వడానికి ఇది ఒక కారణం. వచ్చిన జవాబును వేళ్ళమీద లెక్కపెట్టి, దాటే అక్షరాలతో సరిచూసుకున్న తర్వాతే రాయండి.

అపోహ: ఒకటి అడ్డంతో మొదలుపెట్టి వరసగా నింపాలి.

వాస్తవం: అవసరం లేదు. ఖాయంగా తెలిసిన మాటతో మొదలుపెట్టి, దాన్ని దాటే మాటలకు వెళ్ళండి.

అపోహ: రోజూ నింపితే ముసలితనంలో మతిమరుపు జబ్బు రాదు.

వాస్తవం: అలా రుజువు కాలేదు. నచ్చితేనే ఆడండి, మందులా కాదు.

అపోహ: మర్నాడు జవాబులు చూడటం ఓడిపోయినట్టు.

వాస్తవం: జవాబులు వేసేదే చూసుకోవడానికి. అయితే నిన్నటి పేపరు పారేయకండి. రాని ప్రతి జవాబునూ దాని ఆధారం పక్కన పెట్టి, అది ఎలా వచ్చిందో మీ మాటల్లో చెప్పుకోండి. ఎంత విడదీసినా కుదరకపోతే, తెలిసినవారికి చూపించండి. వారికీ కుదరకపోతే ఆధారంలోనే లోపం ఉండవచ్చు, లేదా అచ్చులో అడ్డం, నిలువు సంఖ్యలు తారుమారై ఉండవచ్చు. అప్పుడు తేదీ, ఆధారం సంఖ్య వేసి పత్రికకు రాయండి. పాఠకులను తప్పుదారి పట్టించే హక్కు కూర్చేవారికి ఉంది, అబద్ధం చెప్పే హక్కు లేదు. అటువంటి ఉత్తరం వస్తే నేను ముందు అదే చదువుతాను.