‘అయిపోయింది రా!’: క్లైంబింగ్ మాటల మీద అపోహలు, వాస్తవాలు

నేను రాక్ క్లైంబింగ్ నేర్పే ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ ఒకరైనా నోట్‌బుక్‌తో దిగుతారు. జగ్, క్రింప్, స్లోపర్, డైనో, విప్పర్... వీడియోలు చూసి రాసుకున్న మాటలు రెండు పేజీలు. "సార్, ఇవన్నీ రాకపోతే మనల్ని గుంపులో కలుపుకోరట కదా" అని బెరుకుగా అడుగుతారు. ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! చెయ్యి నిండా దొరికే పట్టు జగ్, వేలికొసలు మాత్రమే ఆనేది క్రింప్. నాలుగు ఆదివారాలు గుట్ట మీద తిరిగితే వాటంతటవే నోటికొస్తాయి. కంగారు పడకండి.

నా కంగారంతా ఆ రెండు పేజీల్లో లేని మాటల గురించే.

అపోహ: బిలే ఇచ్చేది, అంటే కింద తాడు పట్టుకుని కాపాడేది, మనవాడే, ఏదో ఒకటి అరిస్తే అర్థం చేసుకుంటాడు.

వాస్తవం: చేసుకుంటాడు, తనకు తోచినట్టు.

భువనగిరి గుట్ట, చలికాలం పొద్దున. ఒకే హాస్టల్ గదిలో ఉండే ఇద్దరు కుర్రాళ్లు. టాప్‌రోప్ (పైన యాంకర్ గుండా కిందికి వేలాడే తాడు) మీద ఒకడు పైదాకా వెళ్లి, ఆ యాంకర్ (తాడును రాయికి బిగించిన చోటు) కింద చిన్న గట్టు మీద నిలబడి "అయిపోయింది రా!" అని అరిచాడు. ఎక్కడం అయింది, ఇక దించు అని వాడి ఉద్దేశం. నేను పైకి చేరిపోయాను, ఇక నీతో పని లేదు అన్నట్టు కిందివాడికి అర్థమైంది. పైవాడు కాళ్ల మీద నిలబడ్డాడు కాబట్టి తాడు మీద బరువు లేదు, అనుమానం రావడానికి ఏమీ లేదు. నేను ఇటు తిరిగేసరికి కిందివాడు బిలే కారబైనర్ (తాడు పట్టే డివైస్‌ను నడుముకు తగిలించే లోహపు కొక్కెం) స్క్రూ విప్పుతున్నాడు. రెండు చుట్లు తిరిగింది, మూడోది తిరుగుతోంది. వాడి చేతిని, తాడును కలిపి నా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. అంతలోనే పైవాడు వెనక్కి వాలాడు. తాడు బిర్రుగా బిగుసుకుంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి టీ పోయించాను. నా గ్లాసులో టీ సగం ఒలికిపోయింది, చేతి వణుకు తగ్గితేగా. తప్పు వాళ్లది కాదు. ముడి చూపించాను, డివైస్ చూపించాను, పైకి వెళ్లాక ఏమనాలో చెప్పలేదు.

ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇలాగే పడ్డారు. పైవాడు తనను దించుతారనుకుంటాడు, కిందివాడేమో అతను ర్యాపెల్ చేసుకుంటాడని, అంటే తాడు మీద తనంతట తానే దిగుతాడని, అనుకుంటాడు. తాడు తెగక్కర్లేదు, బోల్టు ఊడక్కర్లేదు. అందుకే కాళ్లు నేల మీద ఉండగానే తేల్చుకోండి: పైకి చేరాక నువ్వు దించుతావా, నేనే దిగుతానా? "ఆఫ్ బిలే" (ఇక నన్ను పట్టుకోనక్కర్లేదు) అనేది మీ స్లింగ్‌ను (నడుముకు కట్టుకున్న పట్టీ) యాంకర్‌కు తగిలించి, బరువు వేసి చూసుకున్నాకే నోట్లోంచి రావాలి. బిలేయర్‌కైతే ఒకటే చెబుతాను: మీ పేరుతో కలిపి ఆ మాట స్పష్టంగా వినపడేదాకా డివైస్ మీద చెయ్యి తియ్యొద్దు. పక్క రూట్‌లో ఇంకెవరో అరిచిన "ఆఫ్ బిలే"కి తాడు విప్పేసేవాళ్లూ ఉంటారు. అనుమానంగా ఉంటే విప్పకండి, తాడు ఇస్తూ ఉండండి. గాలికి మాట అందని చోట తాడును ఎన్నిసార్లు గుంజితే ఏమిటో ముందే అనుకోవాలి. పైకి వెళ్లాక అనుకోవడం కుదరదు.

తెలుగులో అరవొద్దని కాదు. "దించు" బంగారంలాంటి మాట, ఎవరికీ అనుమానం రాదు. కానీ "వదులు" ఉంది చూశారూ! తాడు కాస్త వదులు చెయ్యమని పైవాడంటే, వదిలెయ్యమన్నాడని కిందివాడు అనుకోవచ్చు. నా తాడు మీద ఆ మాట నిషేధం, "స్లాక్" అనాల్సిందే. "పట్టుకో" కూడా అంతే. తాడునా, ఎదురుగా ఉన్న రాయినా? ఇక "ఓకే" ప్రశ్నో జవాబో ఎవరికీ తెలీదు.

ఇంగ్లిష్‌లో అరిస్తే గొడవ తీరిందనుకుంటున్నారా? "టేక్ స్లాక్" అని అరిస్తే గాలికి మొదటి మాట కొట్టుకుపోతుంది, బిగించాల్సినవాడు ఇంకో మూరెడు తాడు ఇస్తాడు. బిగించమనడానికి "టేక్" ఒక్కటే అనండి. బాదామి ఎర్రరాయి మీద నాకు బ్రిటిష్ పార్ట్‌నర్ ఒకాయన దొరికాడు. వాళ్లు "టేక్ ఇన్" అంటే వదులుగా ఉన్న తాడును లాగమని. నా లెక్కలో "టేక్" అంటే నా బరువు మొత్తం పట్టమని. ఆయన తాపీగా లాగుతుంటే నేను జానెడు జానెడు జారుతున్నాను. దెబ్బలేం తగల్లేదు, పరువే కాస్త పోయింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ఫ్రీ క్లైంబింగ్ అంటే తాడు లేకుండా ఎక్కడమా? కాదమ్మా, కాదు. నెలకు ఇద్దరు ముగ్గురు తల్లులు ఫోన్ చేసి గొంతు తడారిపోయి అడిగే ప్రశ్న ఇది. మీవాడికి తాడు ఉంటుంది. పైకి వెళ్లడానికి తాడును పట్టుకుని లాక్కోడు, పడితే ఆపడానికే అది. అమెరికా క్లైంబర్ అలెక్స్ హానల్డ్ 2017 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ కొండ మీద, దాదాపు 900 మీటర్లు, తాడు లేకుండా ఎక్కింది ఫ్రీ సోలో. దాన్ని ఏ క్లాసులోనూ నేర్పరు.

రూట్ ఎంత కష్టమో చెప్పే గ్రేడ్‌లలో 5.10 అంటే 5.1 కాదు. 5.9 తర్వాతది, చాలా కష్టం. "ఫైవ్ టెన్" అని చదవాలి. దశాంశాల లెక్క ఇక్కడ పనికిరాదు.

స్లాబ్ అంటే మీ ఇంటి పైకప్పు కాదు. నిటారుగా కాకుండా అవతలికి వాలిన రాయి. భువనగిరిలో పట్టులకన్నా బూటు రబ్బరునే నమ్ముకోవాలి.

రెడ్‌పాయింట్‌కూ (పడకుండా, తాడు మీద వేలాడకుండా రూట్ మొత్తం ఎక్కడం) ప్రమాదానికీ సంబంధం లేదు. జర్మనీలో కర్ట్ ఆల్బర్ట్ 1970ల్లో, మేకులను పట్టుకోకుండా ఎక్కిన రూట్ల మొదట్లో ఎర్రచుక్క పెట్టేవాడు, ఆ పేరు అలా నిలిచింది.

చివరిది, "రాక్!" అన్న కేక. అది రాయికే అనుకోకండి. కారబైనరో, నీళ్ల సీసానో, ఏది జారినా అదే కేక. వినగానే పైకి చూడకుండా గోడకు అతుక్కోవాలి. మొన్న ఒకమ్మాయి జేబులోంచి ఫోన్ జారితే నిజాయితీగా "ఫోన్!" అని అరిచింది. కింద ఉన్న ఏడుగురూ తలెత్తి పైకి చూశారు, ఇద్దరైతే జేబులు తడుముకున్నారు.