ఢిల్లీ పాత బళ్లు: వయసు లెక్క నుంచి బీఎస్ లెక్క దాకా

2025 జులై 1న ఢిల్లీ పెట్రోలు బంకుల్లో కొత్త పద్ధతి మొదలైంది. బండి పంపు దగ్గరికి రాగానే కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది. ఆ నంబరుతో వాహన్ (బళ్ల రిజిస్ట్రేషన్ల జాతీయ పట్టీ) డేటాలో రిజిస్ట్రేషన్ తేదీ చూస్తారు. డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోలు బండికి పదిహేనేళ్లు దాటితే ఇంధనం పోయొద్దన్నారు. రెండు రోజులు తిరక్కుండానే ఢిల్లీ ప్రభుత్వం చేతులెత్తేసింది. కెమెరాలు ఉండాల్సిన చోట లేవని, సెన్సర్లు, స్పీకర్లు పనిచేయడం లేదని, పొరుగు రాష్ట్రాల డేటాతో అనుసంధానం లేదని పర్యావరణ మంత్రి మంజిందర్ సింగ్ సిర్సా ఈ ఆదేశం ఇచ్చిన కేంద్ర గాలి నాణ్యత కమిషన్‌కు లేఖ రాశారు. నోయిడా వెళ్లి ట్యాంకు నింపుకొని వస్తే ఢిల్లీ కెమెరా ఏం చేస్తుంది?

ఇంతకీ ఆ పది, పదిహేను ఎక్కడి నుంచి వచ్చాయి?

పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా ఢిల్లీ కాలుష్యంపై 1985లో సుప్రీంకోర్టులో వేసిన కేసుతో మొదలుపెట్టాలి. ఆ కేసులోనే 1998 జులై 28న పెద్ద ఆదేశం వచ్చింది. పదిహేనేళ్లు దాటిన వాణిజ్య వాహనాలను తీసేయాలి, సిటీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలి. బస్సులకు 2001 మార్చి 31 గడువు పెడితే పని 2002 దాకా సాగింది. సొంత బళ్ల మీద వేటు పడింది ఆ తర్వాత చాలా కాలానికి. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014 నవంబరులో పదిహేనేళ్లు దాటిన బళ్లన్నిటినీ, 2015 ఏప్రిల్‌లో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను ఆపమంది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు ఆ లెక్కనే ఖాయం చేసింది.

తేదీ చూడటం తేలిక, ఆర్‌సీ తీస్తే చాలు. కానీ పొగ తేదీని బట్టి రాదు, ఇంజిన్ ఏ ప్రమాణానికి తయారైందో దాన్ని బట్టి వస్తుంది. మన దేశంలో ఆ ప్రమాణాల పేరు భారత్ స్టేజ్, పొట్టిగా బీఎస్. అంకె పెరిగేకొద్దీ పరిమితి బిగుస్తుంది. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నుసి పరిమితి బీఎస్-3లో 0.05 గ్రాములు, బీఎస్-4లో 0.025, బీఎస్-6లో 0.0045. నైట్రోజన్ ఆక్సైడ్లకు ఇదే వరుసలో 0.50, 0.25, 0.08. మధ్యలో బీఎస్-5 లేదు, దాన్ని దాటేశారు. డీజిల్‌లో గంధకాన్ని కూడా 350 పీపీఎం (పది లక్షల్లో 350 వంతులు) నుంచి 50కి, అక్కడి నుంచి 10కి తగ్గించారు. గంధకం ఎక్కువుంటే పొగగొట్టంలోని ఉత్ప్రేరకం పాడవుతుంది, కొత్త ఇంజిన్ పెట్టినా ఫలితం ఉండదు.

ఇప్పుడు వయసు లెక్క పెట్టి చూడండి. 2015 మొదట్లో ఢిల్లీలో కొన్న డీజిల్ కారు బీఎస్-4, 2019లో కొన్నదీ బీఎస్-4. ఇద్దరు యజమానులూ ఒకే బంకుకు వెళ్తే మొదటివాడికి నో, రెండోవాడికి ఫుల్ ట్యాంక్. ఇదే లెక్కన 2020లో కొన్న బీఎస్-6 డీజిల్ కారు కూడా 2030లో ఇంటిముందు నిలబడాల్సిందే.

మరి పొగనే కొలవొచ్చు కదా అంటే, బళ్లకు కాలుష్య సర్టిఫికెట్ ఇచ్చే పీయూసీ పరీక్ష ఆ పనికి చాలదు. డీజిల్ బండికి పొగ సాంద్రత చూస్తారు తప్ప నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు.

విచిత్రమేమిటంటే అదే ఊళ్లో రెండో కొలబద్ద అప్పటికే వాడుకలో ఉంది. గాలి చెడేకొద్దీ దశలవారీగా ఆంక్షలు పెట్టే ప్రణాళిక గ్రాప్. కాలుష్యం బాగా ముదిరినప్పుడు అమలయ్యే దాని మూడో దశలో ఆపేది బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిల్ కార్లను. అక్కడ వయసు ప్రసక్తి లేదు. లండన్ అల్ట్రా లో ఎమిషన్ జోన్ 2019లో మొదలైనప్పటి నుంచీ పెట్రోలుకు యూరో-4, డీజిల్‌కు యూరో-6 (మన బీఎస్ లాంటి యూరప్ ప్రమాణాలు) అని గీత గీసింది. అందని కారు రావొచ్చు, రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి.

2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు పాత బళ్ల యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబరు 17న దాన్ని సవరించి ఆ రక్షణను బీఎస్-4, ఆపై బళ్లకే పరిమితం చేసింది. అంటే గీత వయసు మీంచి ప్రమాణం మీదికి జరిగింది.

ఇక్కడో చిక్కు. బీఎస్-4 దేశమంతా ఒకే రోజు రాలేదు. కార్లకు 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ, హైదరాబాద్ సహా 13 నగరాల్లో మొదలై దేశమంతా పరుచుకునేసరికి 2017 ఏప్రిల్ అయింది. అందుకే 2013 మోడల్ అని చెబితే అది బీఎస్-3నో 4నో తేలదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఆర్‌సీలో ఎమిషన్ నార్మ్స్ గడి చూడాలి. పాత బళ్లకు ఆ గడిలో ‘నాట్ అవైలబుల్’ అని కనిపిస్తుంటుంది.