ఇంకొనెల్‌ను కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రేణిగుంట దగ్గర గాజులమండ్యంలో మాది చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు. పోయిన వేసవిలో ఒకాయన ఇంకొనెల్ 718 అనే నికెల్ మిశ్రలోహంతో చేసిన పంపు స్లీవ్ (షాఫ్ట్ మీద తొడిగే గొట్టం) తెచ్చారు. త్వరగా అరుగుతోందని వేరేచోట 1000 డిగ్రీలకు కాల్చి, నూనెలో ముంచారట. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ యంత్రం మీద పెడితే 40 దాకా ఉండాల్సింది 20 దగ్గరే ఆగింది. ఖరీదైన సరుకు, చూస్తేనే బాధేసింది.

అపోహ: ఏ లోహమైనా కాల్చి ముంచితే గట్టిపడుతుంది.

వాస్తవం: ఉక్కును కాల్చి ముంచితే లోపల మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణం ఏర్పడి గట్టిపడుతుంది. ఇంకొనెల్ లాంటి నికెల్ మిశ్రలోహాల్లో ఆ మార్పే జరగదు. అందుకే కరెంటుతోనో మంటతోనో పైభాగాన్ని కాల్చి చల్లార్చే ఇండక్షన్, ఫ్లేమ్ హార్డెనింగ్ కూడా వాటికి పనిచేయవు. 718కి బలం ఏజింగ్‌తో, అంటే మితమైన వేడిలో గంటల తరబడి ఉంచడంతో వస్తుంది. 720 డిగ్రీల దగ్గర 8 గంటలు ఉంచి, మెల్లగా 620కి దించి ఇంకో 8 గంటలు ఉంచితే లోపల అతి సన్నని రేణువులు పుడతాయి. 1000 డిగ్రీలకు కాలిస్తే బలాన్నిచ్చే ఆ రేణువులు కరిగిపోతాయి. ఆ స్లీవ్‌కు మళ్ళీ ఏజింగ్ చేశాం. గట్టిదనం తిరిగొచ్చింది, కానీ అరుగుదల సమస్య అలాగే ఉంది.

అపోహ: అయితే నైట్రైడింగ్ (పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరచడం) చేయిస్తే చాలు.

వాస్తవం: ఉక్కుకు వాడే 500 పైచిలుకు వేడిలో నైట్రోజన్ వచ్చి క్రోమియంను పట్టేసుకుంటుంది. దాంతో తుప్పును తట్టుకునే గుణం తగ్గిపోతుంది. ఆ గుణం కోసమే కదా ఇంత డబ్బు పెట్టి ఇంకొనెల్ కొన్నది! 400 దగ్గర ప్లాస్మా నైట్రైడింగ్ చేస్తే ఆ గుణం నిలుస్తుంది గానీ, పొర కొద్ది మైక్రాన్లే.

అన్నిటికంటే మొండి అపోహ ఇంకొకటి: రాక్‌వెల్ నంబరు పెరిగితే అరుగుదల ఆగుతుందని. స్టెల్లైట్ 6 అనే కోబాల్ట్ మిశ్రలోహం కూడా ఇంచుమించు 40 రాక్‌వెల్లే, అంటే ఏజింగ్ చేసిన 718తో సమానం. అయినా లోహం మీద లోహం రుద్దుకునే చోట 718 ఎదుటి లోహానికి అతుక్కుని పట్టేస్తుంది, స్టెల్లైట్ నిలబడుతుంది. కోబాల్ట్ స్వభావం, అందులోని కార్బైడ్లు (కార్బన్ కలిసిన గట్టి రేణువులు) దానికి కారణం. అందుకే వాల్వ్ సీట్లకు దాన్ని వెల్డింగ్‌తో పైపొరగా వేస్తారు.

ఇసుక, బురద కోసే చోటైతే నేను హెచ్‌విఓఎఫ్ (మండే వాయువుతో పొడిని అతి వేగంగా చిమ్మే పద్ధతి) టంగ్‌స్టన్ కార్బైడ్ పూతే చెబుతాను. దాని గట్టిదనం వికర్స్ అనే ఇంకో కొలతలో 1000 దాటుతుంది. గట్టి దెబ్బలు తగిలితే మాత్రం పెచ్చులూడుతుంది, గ్రైండింగ్‌కు డైమండ్ వీల్ కావాలి.

అరిగిన ముక్క తెచ్చేటప్పుడు దయచేసి ఎమరీతో రుద్దకుండా తీసుకురండి. సన్నని గీతలు పడ్డాయా (ఇసుక కోత), లోహం రేగి అతుక్కుందా (లోహం మీద లోహం రాపిడి) అన్నది అరిగిన ఆ ముఖం మీదే కనిపిస్తుంది.