తామర, చుండ్రు, పేనుకొరుకుడు: అపోహలు - వాస్తవాలు

విశాఖలో చర్మ వైద్యం చేసేవాళ్లకు తామర కేసులు ఏడాది పొడవునా ఉంటాయి. సముద్రపు గాలిలో తేమ, ఆరని చెమట, బిగుతు జీన్స్ అన్నీ ఫంగస్‌కు అనుకూలమే. కానీ అది నెలల తరబడి వదలకపోవడానికి వాతావరణం కన్నా మన అలవాట్లే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

అపోహ: రక్తం చెడిపోతే తామర వస్తుంది.
రక్తానికీ తామరకూ సంబంధం లేదు. చర్మం పైపొరలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతికే ఫంగస్ ఇది. ఒకరి తువ్వాలు, దుప్పటి ఇంకొకరు వాడితే అంటుకుంటుంది. వంకాయ, గోంగూర, చేపలు మానేసి నోరు కట్టుకున్నవాళ్లను చూస్తే జాలేస్తుంది, ఎందుకంటే దాని వల్ల తామర తగ్గదు. మాటిమాటికీ తిరగబెడుతుంటే మాత్రం ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

అపోహ: మెడికల్ షాపు ట్యూబు రాయగానే దురద పోయింది, కాబట్టి అదే మంచి మందు.
"రాస్తే తగ్గుతోందండీ, మానేస్తే మళ్లీ వస్తోంది." ఈ మాట వినగానే ట్యూబు చూపించమంటాను. సగానికి నొక్కేసిన ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో క్లోబెటసాల్ అనో, బీటామెథాసోన్ అనో ఉంటుంది. ఇవి స్టెరాయిడ్లు. వాపునూ ఎరుపునూ అణచేస్తాయి కాబట్టి రెండు మూడు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది. అదే సమయంలో అక్కడి చర్మానికి ఫంగస్‌తో పోరాడే శక్తి తగ్గి, అది లోలోపల పాకిపోతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి వలయంలో వలయం పుడుతుంది. ఒక్కోసారి అది తామరేనా అని తేల్చడానికి మేం కూడా పొట్టు గీకి, మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తుంది. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. అయినా కౌంటర్ దగ్గర "దురద" అంటే చాలు, ట్యూబు చేతికొస్తోంది.

సరైన మందు కూడా మచ్చ పోగానే ఆపేయకూడదు. డాక్టరు చెప్పినన్నాళ్లు, సాధారణంగా మచ్చ తగ్గాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలి. అంచు దాటి రెండు సెంటీమీటర్ల వరకూ రాయాలి. తామరకు వాడే టెర్బినాఫిన్ అనే మందుకు లొంగని ఫంగస్ రకాలు ఇప్పుడు మన దేశంలో కనిపిస్తున్నాయి, కాబట్టి సొంత వైద్యం ఇంకా ప్రమాదం.

మొలతాడు సంగతి చాలామంది చెప్పరు, మేమే అడగాలి. స్నానం చేశాక ఒళ్లు తుడుచుకుంటాం గానీ దారం తడిగానే ఉంటుంది. నడుము చుట్టూ తామర ఉంటే పాత దారం తీసేసి, తగ్గాక కొత్తది కట్టుకోండి. ఇంట్లో దురద ఉన్నవాళ్లందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి.

అపోహ: సముద్రస్నానం చేస్తే పోతుంది.
పోదు. రుషికొండ బీచ్‌లో మునిగి, ఆ తడి బట్టలతోనే ఇంటిదాకా బండి మీద వస్తే గజ్జల్లో ఒరిసి పెరుగుతుంది కూడా.

శోభి మచ్చలు కూడా ఫంగస్ వల్లే వస్తాయి, అవి బొల్లి కావు. మందుతో ఫంగస్ చచ్చినా చర్మం రంగు తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అంతవరకూ టెన్షన్ పడి మందులు మార్చకండి.

అపోహ: తల పొడిబారి చుండ్రు వస్తుంది, నూనె దట్టించాలి.
చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అందరి తల మీదా ఉంటుంది, దాని తిండి మన తలలోని జిడ్డే. రాత్రంతా నూనె పెట్టి ఉంచితే దానికి భోజనం పెట్టినట్టే. ఫంగస్‌ను అణచే కీటోకొనజోల్ షాంపూ పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడగండి. పట్టించిన వెంటనే కడిగేస్తే పని చేయదు.

అపోహ: పేనుకొరుకుడు పేల వల్ల వస్తుంది.
ఇది పేల పనీ కాదు, ఫంగస్ పనీ కాదు. సొంత రోగనిరోధక శక్తే వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేస్తుంది. జుట్టు ఊడిన చోట చర్మం నున్నగా ఉంటుంది. పిల్లల తల మీద పొట్టు రాలుతూ, విరిగిన వెంట్రుకల మొనలు నల్లచుక్కల్లా కనిపిస్తే అది తల తామర. క్రీములు కుదుళ్లలోకి దిగవు, కొన్ని వారాలు మాత్రలు వాడాలి. ఒక్కోసారి అక్కడ మెత్తగా చీముగడ్డలా ఉబ్బుతుంది. దాన్ని కోయించకండి, గుండు కూడా అక్కర్లేదు. అదే దువ్వెన వాడే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల తలలు కూడా అదే రోజు డాక్టరుకు చూపించండి.